తోడు పోయింది

మంగళవారం మధ్యాహ్నం రెండూ మూడు నిమిషాలకి ఫోన్ మోగింది.

"డిటెక్టివ్‌గారేనా? నా తోడు పోయిందండీ" అంది ఒక ఆడగొంతు.

చటుక్కున కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చావు కబురు కూర్చుని వినకూడదని మా నాన్న అనేవాడు.

"అయ్యయ్యో! ఎన్నేళ్ళ కాపురమమ్మా?"

"పదకొండేళ్ళు పెంచాను."

పెంచడమేమిటి? సరే, కొందరు మొగుళ్ళని పెంచాల్సే వస్తుంది. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. "ధైర్యంగా ఉండండమ్మా. పోయినవాళ్ళతో మనం పోలేం కదా" అన్నాను.



"మా ఆయన రెండో పెళ్ళి చేసుకుని లక్షణంగా ఉన్నాడండీ. పోయింది ఆయన కాదు, మా ల్యాబులో తోడు. పాలల్లో తోడు వేస్తారే, అలాంటిదనుకోండి. అది లేకపోతే నా మాంసం తోడుకోదు."

ఇరవైరెండేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్నాను. తోడికోడళ్ళ కేసులు చూశాను, తోడుదొంగల కేసులు చూశాను. తోడుకునే మాంసం మాత్రం చూడలేదు. టోపీ తీసుకుని బయల్దేరాను.

రెండూ నలభైకి ల్యాబు గేటు దగ్గరున్నాను. గేటుకి తాళం, తాళానికి కాపలాగా కానిస్టేబులు. ఒంటిగంటా యాభైఎనిమిది నుంచి పురుగు కూడా బయటికి పోలేదట. లోపలికి వెళ్ళాలంటే వేలిముద్ర మిషను మీద బొటనవేలు పెట్టాలి. ఆ మిషను పక్కనే దారంతో కట్టిన పెన్నూ, ఒక రిజిస్టరూ ఉన్నాయి. పేజీ నిండా ఒకటే సంతకం, రోజుకి రెండుసార్లు చొప్పున.

"ఇదెవరిదయ్యా?" అని వాచ్‌మన్‌ని అడిగాను.

"కుడిచెయ్యి మేడంది సార్. డాక్టరమ్మగారు ఆవిణ్ణి 'నా కుడిచెయ్యి' అంటారు, మేమూ అదే అలవాటు చేసుకున్నాం. ఆవిడ వేలు పెడితే మిషను 'మళ్ళీ ప్రయత్నించండి' అంటుంది. ఎన్నిసార్లని ప్రయత్నిస్తారు?"

"బాగుంది! లోకంలో సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేస్తారు. మీ దగ్గర వేలిముద్ర రానివాళ్ళు సంతకం పెడుతున్నారన్నమాట."

వాచ్‌మన్ నవ్వాడు. నేనూ నవ్వుకుని లోపలికి నడిచాను. అక్కడ నవ్వకుండా ఆగి ఉంటే ఈ కథ ఇంకోలా ముగిసేది.

*

డాక్టరమ్మకి యాభైనాలుగేళ్ళుంటాయి. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. రోజుకి వందసార్లు కడిగిన చేతులు, అంచులు పగిలిన గోళ్ళు. నన్ను కూర్చోమనకుండానే మొదలుపెట్టింది.

"ఒంటిగంటకి అందరూ భోజనాలకి వెళ్ళారు. నేను ఈ గదిలోనే బ్రెడ్డు ముక్క తిన్నాను. ఒకటీ యాభైకి శీతలగదిలోకి వెళ్ళి చూస్తే తోడు సీసాలు ఇరవైనాలుగూ బల్ల మీదున్నాయి. కరిగిపోయి, చచ్చిపోయి. అవి నత్రజని పీపాలో ఉండాలి, సున్నాకి కింద నూట తొంభైఆరు డిగ్రీల్లో."

"ఆ గది తలుపు ఎవరు తెరిచారు?"

"నా కార్డు. ఒకటీ పన్నెండుకి." ఆవిడ గొంతు తగ్గింది. "కార్డు నా కోటు జేబులో ఉంటుంది, కోటు బయట కొక్కేనికి ఉంటుంది. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. కానీ ఇన్‌స్పెక్టరు నేనే చంపానంటున్నాడు. నా మాంసం బూటకమనీ, అది బయటపడకుండా నేనే నాశనం చేశాననీ. ఐదింటికి లైసెన్సు కమిటీ వస్తోంది, ఏడుగురు. నా మాంసం రుచి చూస్తారు. ఈ మాట వాళ్ళ చెవిన పడితే నా పదకొండేళ్ళూ గోవిందా."

"పీపాలో ఇంకేమీ లేవా?"

"కండ కణాల సీసాలున్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు."

"మరి వాటితో మళ్ళీ మొదలుపెట్టొచ్చుగా?"

"తోడు లేకపోతే అవి పెరగవండీ."

"పాలున్నా తోడు లేకపోతే పెరుగవదు. కండ ఉన్నా తోడు లేకపోతే పెరగదు. పెరుగైనా పెరుగుదలైనా తోడుండాలి, అంతేగా?"

ఆవిడ నన్ను ఒక క్షణం పరీక్షగా చూసింది. "అంతే" అంది.

"అసలు మాంసంలోకి ఎలా దిగారు? కసాయి కుటుంబమా?"

"చర్మం నుంచి దిగాను. పాతికేళ్ళ క్రితం నా పని కాలినవాళ్ళకి చర్మం పెంచడం. తొడ మీంచి తపాలాబిళ్ళంత ముక్క తీసుకునేదాన్ని. తీగకి పందిరి వేసినట్టు కణాలకి సన్నటి పందిరి వేసి, గులాబీ రంగు నీళ్ళలో ఉంచితే మూడు వారాలకి జేబురుమాలంత అయ్యేది."

"కాలినవాళ్ళు మూడు వారాలు ఆగగలరా?"

"సగంమంది ఆగలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒకసారి పొరపాటున చర్మం పందిరి మీద కండ కణాలు పడ్డాయి. తొమ్మిదో రోజు చూస్తే ఆ పొర మెలితిరిగి కదిలింది! చర్మం పరుచుకుంటుంది డిటెక్టివ్‌గారూ, కండ లాగుతుంది. నన్ను కూడా లాగేసింది. ఆస్పత్రిలో అందరూ నువ్వు కసాయిదానివైపోయావన్నారు. ఒక్క జంతువునీ కొయ్యకుండా కసాయి అనిపించుకున్నది నేనొక్కదాన్నే."

"మరి ఆ కాలినవాళ్ళు?"

"వాళ్ళకి వేరే డాక్టర్లున్నారు" అని వాచీ చూసుకుంది. "మూడైంది. శీతలగది చూస్తారా?"

చర్మంలోనే మర్మం ఉందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. తెలిసినావిడ వాచీ చూసుకుంటోంది.

*

శీతలగదిలో మాకంటే ముందు మీసాలు కనిపించాయి, వాటి వెనక ఇన్‌స్పెక్టరు. ఈయన నాకు తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. మామగారింట్లో ఒకే సోఫాకి రెండు చివర్లలో ఎడమొహం పెడమొహంగా కూర్చునే బాపతు.

"రా అన్నయ్యా, రా! ఇంకా మాటల మూట దిగలేదేమిటా అనుకుంటున్నా."

"నీ మీసాలకి చోటిచ్చాక మిగిలింది చూసుకుని వద్దామని ఆగాను తమ్ముడూ."

"కేసు అయిపోయింది, ఇంటికెళ్ళి వదినకి కూరలు తరిగిపెట్టు. ఆవిడ కార్డే తలుపు తీసింది. ఒకటీ పన్నెండుకి లోపలికి, ఒకటీ ముప్పైఒకటికి బయటికి. పంతొమ్మిది నిమిషాలు. మాంసం తింటున్నామని ఎముకలు మెళ్ళో వేసుకుంటామా చెప్పు? తప్పు చేసినవాళ్ళు ఒప్పుకోరు."

"ఈ మాంసానికి ఎముకలే లేవు తమ్ముడూ. నీ వాదనలాగే."

డాక్టరమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. నేను బల్ల మీదికి వంగాను. బుల్లి సీసాలు ఇరవైనాలుగు, చిటికెనవేలంతేసి, చిల్లులున్న చెక్కపలకలో వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద అచ్చు చీటీలు: తోడు 1, తోడు 2. లోపల గులాబీ రంగు నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. ఒకటి వెలుతురుకి పెట్టి చూశాను. ఇంకోటి, మరోటి.

"డాక్టరుగారూ, ఒక్కో సీసాలో ఎన్ని కణాలుంటాయి?"

"యాభై లక్షలు."

"అవి చస్తే మాయమైపోతాయా?"

"లేదు... అడుక్కి దిగుతాయి. తెల్లటి నుసిలా."

"ఎంతసేపట్లో?"

"ఒక గంట."

"గంటన్నర దాటింది. నుసి ఏదీ? ఇరవైనాలుగు హత్యలు జరిగాయంటున్నాడు మా తమ్ముడు, ఒక్క శవం చూపించమనండి! ఇవి ఖాళీ సీసాల్లో గులాబీనీళ్ళు. అసలు సీసాలు బతికే ఉన్నాయి. చచ్చినవాటి కోసం ఎవరూ వెతకరని దొంగ ఎత్తు."

ఇన్‌స్పెక్టరు మీసం ఒక పక్కకి వాలింది. డాక్టరమ్మ మొహంలో ఆశ్చర్యం కనిపించింది. కణాలతో పాతికేళ్ళు కాపురం చేసినావిడకి, గులాబీనీళ్ళు నాకంటే ముందు చూసినావిడకి, ఆ నుసి లేని సంగతి తట్టలేదా అని నేను అడగలేదు. నా తెలివి చూసి నేనే మురిసిపోతున్నాను మరి.

తర్వాత పీపా. నడుమెత్తు స్టీలు పీపా, పైన గుండ్రటి మూత. మూత మీద గులాబీ మరక ఎండిపోయి ఉంది. సీసాలు నింపిన తడిచేత్తో ఎవరో మూత పెట్టారు. ఐదు వేళ్ళూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి. భూతద్దం తీశాను.

"చూశాంలే. గ్లౌజు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గ్లౌజు ఎన్ని వేళ్ళకి వేసుకుంటారు తమ్ముడూ?"

"నీకు తెలీదా? ఐదుకి."

"ఇలా చూడు. చిటికెన, ఉంగరం, నడిమి. మూడింటికీ గీతలు చక్కగా, నాగలి చాళ్ళలా ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలు మాత్రం నున్నగా, మైనం ఒత్తినట్టున్నాయి. మూడు వేళ్ళు బయటపెట్టి రెండు వేళ్ళకి గ్లౌజు తొడుక్కునే దొంగని నీ సర్వీసులో ఎప్పుడైనా పట్టుకున్నావా?"

"మరక పడటంలో తేడా వచ్చుంటుంది. నువ్వు పదాలతో ఆడుకో అన్నయ్యా, నేను పాదాలతో తిరుగుతా. సీసాలు బతికుంటే బయట ఎక్కడో ఉంటాయి. కాలవలు, చెత్తడబ్బాలు, కార్ల డిక్కీలు, అన్నీ వెతికిస్తా."

"పాదాలు తిరిగితే చాలదు, బుర్ర కూడా తిరగాలి."

"నిన్ను చూస్తే తిరుగుతూనే ఉంటుంది!" అని బూట్లు టకటకలాడిస్తూ వెళ్ళిపోయాడు. డాక్టరమ్మని వంటగదివాళ్ళు పిలిచారు. కమిటీకి వడ్డించే ముక్కలు పెనం మీదికి ఎప్పుడెక్కించాలని. ఆవిడా వెళ్ళింది.

నేనూ పీపా మిగిలాం. మూడూ ముప్పైఐదు.

ఈ సీసాలకి ఆ చలి లేకపోతే కొన్ని నిమిషాల్లో చావు. మోసుకెళ్ళాలంటే బుల్లి నత్రజని ఫ్లాస్కు ఉండాలి. అది గోడకి తగిలించే ఉంది, లోపల దుమ్ము కూడా కదల్లేదు. గేటు మూసేశారు. మరి ఈ కట్టడంలో అంత చలి ఉన్న చోటు ఇంకెక్కడ?

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు!

కొక్కేనికున్న లావుపాటి నీలం గ్లౌజులు తొడుక్కుని మూత తీశాను. తెల్లటి ఆవిరి నా మొహాన కొట్టింది. మా ఆవిడ కూడా అంత చల్లగా ఎప్పుడూ చూడలేదు. పొడుగాటి పటకారుతో వరసల కింద, అట్టడుగున కెలికితే మెత్తగా ఏదో తగిలింది. గుడ్డసంచీ. పైకి లాగి లెక్కపెట్టాను, ఇరవైనాలుగు. గడ్డకట్టి, బతికి, భద్రంగా ఉన్నాయి. మళ్ళీ అడుక్కి దించి మూత పెట్టేశాను.

గేటు రిజిస్టరు అప్పుడు గుర్తొచ్చింది. వేలు పెడితే 'మళ్ళీ ప్రయత్నించండి' అనే మిషను.

నాలుగూ ఐదుకి డాక్టరమ్మ తిరిగొచ్చింది. నాటకంలో తెర లేపినట్టు చేతులు చాపి చెప్పాను. "మీ తోడు చావలేదు. పీపా అడుగునే గుడ్డసంచీలో ఉంది. ఎవరు చేశారో కూడా తెలుసు. కానీ ఎందుకో తెలీదు. ఒక ఇరవై నిమిషాలు ఆగండి, మాట్లాడి వస్తాను. అప్పటిదాకా మా తోడల్లుడికి చెప్పకండి."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ రుణం తీర్చుకోలేను. ఆ పిల్లని ఏమీ అనకండి. దాన్ని కూతురిలా చూసుకున్నాను."

మెట్లు సగం దిగాక కాలు ఆగింది. ఆ పిల్ల? నేను పిల్ల అనలేదే. పేరు చెప్పలేదు, ఆడో మగో కూడా చెప్పలేదు.

*

కుడిచెయ్యి మేడం కింది అంతస్తులో, గాజుసామాను కడిగే గదిలో ఉంది. ముప్పైఒకటో ముప్పైరెండో ఏళ్ళు. వేణ్ణీళ్ళ తొట్టిలోంచి పొగలొస్తున్నాయి. ఆమె నుదురు, మెడ, ఎడంచెయ్యి చెమటతో తడిసిపోయాయి. కుడి అరచెయ్యి, దాని బొటనవేలు, చూపుడువేలు మాత్రం పొడిగా, పింగాణీలా మెరుస్తున్నాయి. ఆ మేర చెమట లేదు, గీత లేదు.

"జాతకం చెప్పేవాడికి అన్యాయం చేశావమ్మాయ్. చెయ్యి చూపిస్తే ఏం చదువుతాడు?"

ఆమె నవ్వలేదు. బీకరు బోర్లించింది. "దొరికిపోయానా సార్?"

"దొరికింది నీ బొటనవేలు. మిగతా నువ్వు ఇంకా దొరకలేదు. అందుకే వచ్చాను. కూతురిలా చూసుకుందట కదా ఆవిడ? ఆవిడ తోడు నువ్వెందుకు తీశావు?"

"ఆవిడ తోడా!" తొట్టిలోకి చూస్తూ అంది. "తోడంటే ఏమని చెప్పింది మీకు?"

"పాలల్లో వేసేది."

"అందరికీ అలాగే చెబుతుంది. మొన్నటిదాకా నాకూ అలాగే చెప్పింది." చెయ్యి తుడుచుకుని నా వైపు తిరిగింది. "కొన్ని కణాలు ఒంటరిగా పెరగవు సార్. పక్కన వేరే రకం కణాలు ఉండాలి. అవి ఏదో రసం వదులుతాయి, అది తాగి ఇవి బలుస్తాయి. అలా పక్కన కూర్చునేవాటిని తోడు అంటాం. అవి మాంసంలో కలవవు. పక్కనుంటాయంతే. పని అయ్యాక తీసి పారేస్తారు."

ఫోన్లో నాకు మొదట తట్టిన అర్థం గుర్తొచ్చింది. తోడు పోయిందంటే మనిషి పోయిందనుకున్నాను. పదాలతో ఆడుకునేవాణ్ణి, పదం నాతో ఆడుకుంది.

"ఆ పక్కన కూర్చున్న కణాలు ఎవరివి?" అని అడిగాను. జవాబు ఆమె అరచేతిలో కనిపిస్తూనే ఉంది.

"నాకు పదిహేడేళ్ళప్పుడు కొవ్వొత్తుల ఫ్యాక్టరీలో మైనం మీద పడింది. ఈ అరచెయ్యి, ఈ రెండు వేళ్ళు ఎముకదాకా పోయాయి. అమ్మ నా తొడ మీంచి ముక్క తీసి ఈ చర్మం పెంచింది. డాక్టరుగారిని నేను అమ్మ అనే అంటాను సార్, ఇప్పటికీ వేరేలా అనడానికి నోరు తిరగట్లేదు. మిగిలిన కణాలు దాచి, నీలాంటి వాళ్ళకి పనికొస్తాయి, ఇస్తావా అంది. ఇస్తానన్నాను. కాయితం మీద సంతకం పెట్టాలి. చేతికి కట్టు. వేలిముద్ర వేద్దామంటే వేలికి ముద్ర లేదు. 'తల్లి స్థానంలో నేను పెడతాలే' అని ఆవిడే పెట్టింది."

"తర్వాత?"

"తర్వాత నన్ను పనిలో పెట్టుకుంది. ప్రతి ఏడాదీ అడిగేదాన్ని, నా చర్మం ఎంతమందికి పడిందమ్మా అని. ఆరుగురికి అనేది, ఎనిమిదిమందికి అనేది. నేను లెక్క రాసుకునేదాన్ని సార్! పోయిన బుధవారం కమిటీ వస్తోంది, చీటీలు కొత్తవి అంటించమంది. తోడు అనే చీటీ గోకితే కింద ఇంకో చీటీ ఉంది."

జేబులోంచి ఒక నోటుపుస్తకం తీసింది. మధ్య పేజీకి అంటించిన పసుపుపచ్చ చీటీ. వెలిసిన సిరాతో డాక్టరమ్మ దస్తూరీ: చర్మం. మంచం 9.

"తొమ్మిదో నంబరు మంచం నాది. మొత్తం ఇరవైనాలుగు సీసాలకీ అదే. కాలినవాళ్ళ వార్డుకి ఫోన్ చేశాను. పదకొండేళ్ళుగా ఇక్కణ్ణుంచి ఒక్క సీసా కూడా రాలేదన్నారు. ఒక్కళ్ళకి కూడా పడలేదు సార్. నా చర్మాన్ని పక్కన కూర్చోబెట్టి మాంసం బలిపించుకుంది. ఇవాళ ఏడుగురు తింటారు, దేన్ని తాగి పెరిగిందో వాళ్ళకీ తెలీదు. నా ఒళ్ళు నేను తీసుకెళ్తే దొంగతనమా?"

దొంగసొత్తే సొత్తుదారైన కేసు నాకిదే మొదటిది. 

"ఎక్కడికి తీసుకెళ్దామనుకున్నావు?"

"వార్డుకి. అక్కడ పాత సర్జనుగారు ఉన్నారు. ఫ్లాస్కు తీసుకుని ఐదున్నరకి గేటు బయట నిలబడతానన్నారు. సీసాలు చచ్చాయని నమ్మితే కమిటీ వెళ్ళాక గేటు తీస్తారు కదా." ఆమె చీటీ ఊడదీసి నా చేతిలో పెట్టింది. "ఇది మీ దగ్గరుంచండి. ఇది ఒక్కటే అయితే ఎవరూ నమ్మరు, సీసాలు కూడా ఉండాలి. అవున్నాయి లెండి. పీపా అడుగున ఉన్నాయని నాకు తప్ప ఎవరికీ తెలీదు."

గోడగడియారంలో నాలుగూ నలభైఐదు.

నేను మెట్లకేసి పరిగెత్తాను.

*

శీతలగది తలుపు ఓరగా తెరిచి ఉంది. నేల మీద తెల్లటి ఆవిరి పాకుతోంది. డాక్టరమ్మ నీలం గ్లౌజులు విప్పి కొక్కేనికి తగిలిస్తోంది. సింకు దగ్గర బేసిను నిండా బ్లీచింగు నీళ్ళు, అందులో ఖాళీ గుడ్డసంచీ తేలుతోంది. పీపా మూత మీద మరక లేదు. స్పిరిటు వాసన గుప్పుమంది.

బల్ల మీద మాత్రం ఇరవైనాలుగు సీసాలు మళ్ళీ వరసగా నిలబడ్డాయి. తోడు 1, తోడు 2. ఒకటి తీసి వెలుతురుకి పెట్టాను. అడుగున తెల్లటి నుసి దిగడం మొదలైంది.

"శవాలు కావాలన్నారుగా" అంది.

"ఇవి..."

"కండ వరసలోవి. మరిగే నీళ్ళలో ముంచి ఆ చీటీలు అంటించాను. ఏ పరీక్షకి పంపినా జంతువు కణాలనే చెబుతారు. నుసి సంగతి మీరు ఇన్‌స్పెక్టరు ముందు ఎత్తకపోతే ఇది చెయ్యాల్సిన పని ఉండేది కాదు."

"మొదట చూసినప్పుడే ఇవి ఉత్త నీళ్ళని మీకు తెలుసు. మూత మీది వేలు ఎవరిదో కూడా తెలుసు."

"నేను పెంచిన వేలు నాకు తెలియదా?" ఆవిడ గొంతు వణికింది. అది నటన కాదు. "ఎవరు తీశారో నాకెప్పుడూ అక్కర్లేదు డిటెక్టివ్‌గారూ. ఎక్కడ పెట్టిందో కావాలి, అంతే. అవి ఎవరివో బయటపడుతుందని కాకపోతే నా తోడుని నా చేత్తో బ్లీచింగులో పోసుకుంటానా? అడిగితే చెప్పేది కాదు. కణాలు పెరగక మూడేళ్ళు ఏడ్చాను. దాని కణాలు పక్కన పెట్టిన వారానికే పెరిగాయి. చర్మంతో ఏడాదికి ఆరుగుర్ని బతికించేదాన్ని. దీంతో ఎన్ని నోళ్ళకి తిండి పెట్టొచ్చో మీరూహించలేరు. ఇంకో ఏడాదిలో వేరే తోడు కనిపెట్టేదాన్ని."

"ఆ పిల్ల లెక్క రాసుకుందమ్మా. ఆరుగురు, ఎనిమిదిమంది..."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "ఎందుకు తీశావని, ఆ ఒక్కటీ దాన్ని అడగవద్దని మీకు చెప్పి ఉండాల్సింది."

వెనక బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, వాళ్ళ మధ్య కుడిచెయ్యి. తడి ఏప్రను ఇంకా విప్పలేదు.

"ఇంత తెలివి పెట్టుకుని నాకెందుకు చెప్పలేదన్నయ్యా? నాలుగూ పదికే డాక్టరుగారు ఫిర్యాదు రాసిచ్చారు, పాపం ఏడుస్తూ. తన కార్డు కొట్టేసి ఈ పిల్లే చంపిందని." బల్ల మీదికి వంగి సీసా ఒకటి ఎత్తి చూశాడు. "ఇదుగో నీ నుసి. దిగడానికి టైము పట్టిందంతే. గులాబీనీళ్ళట!"

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టింది" అంది డాక్టరమ్మ, గోడ వైపు తిరిగి.

"తమ్ముడూ, మూత చూడు. ఆ వేళ్ళు..."

"ఏ వేళ్ళు?" అన్నాడు. శుభ్రంగా మెరుస్తున్న మూత మీద అతని మీసాలే కనిపిస్తున్నాయి.

కింద కార్లు ఆగిన చప్పుడు. వంటగదిలోంచి పెనం సుయ్‌మంది, మంచి వాసన మెట్లెక్కి వచ్చింది. ఐదుకి రెండు నిమిషాలు.

కుడిచెయ్యి బేసినులో తేలుతున్న సంచీని చూసింది.   నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"పీపా అడుగున ఉన్నాయని అమ్మకి ఎవరు చెప్పారు సార్?"

ఇరవైరెండేళ్ళుగా మూతపడని నోరు నాది. 

జేబులో చెయ్యి పెడితే మంచం 9 చీటీ తగిలింది. చెయ్యి బయటికి తీసి చూసుకున్నాను. తోడుదొంగ అనే మాట జీవితంలో కొన్ని వందలసార్లు వాడి ఉంటాను, వాడి చెయ్యి ఎలా ఉంటుందో మాత్రం అప్పుడే చూశాను. ఐదు వేళ్ళకీ ముద్రలు స్పష్టంగా ఉన్నాయి.